మఠవాసికి సొంతం కూడదు, మఠానికి ఊళ్ళుండవచ్చు: మధ్యయుగం చివర జరిగిన సంస్కరణ దేని కోసం?

ప్రశ్న
(నల్లగొండ, చరిత్ర అధ్యాపకుడు)

సభ్యులందరికీ నమస్కారం. నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. పోయిన నెల పిల్లలను ఫణిగిరి బౌద్ధ క్షేత్రానికి తీసుకువెళ్ళినప్పుడు, 2024లో అక్కడి తవ్వకాల్లో ఒక మట్టికుండలో దొరికిన 3,730 సీసపు నాణేల సంగతి చెప్పాను. ఒక అమ్మాయి వెంటనే, "భిక్షువులు బంగారం, వెండి ముట్టకూడదని నియమం ఉందన్నారు కదా సార్, మరి విహారంలో కుండెడు నాణేలకు పనేమిటి?" అని అడిగింది. అవి ఒక భిక్షువువి కావు, సంఘానివి అయి ఉండవచ్చునని అప్పటికి చెప్పి గట్టెక్కాను. వారం తిరగకముందే యూరప్ చరిత్ర పాఠంలో ఆ అమ్మాయే అదే ప్రశ్నను క్రైస్తవ మఠాల మీదికి తిప్పింది.

మేము చెప్పే పాఠంలో ఈ విషయానికి రెండు వాక్యాలే ఉన్నాయి. మఠాలు సంపదలో మునిగి దిగజారాయన్నది ఒకటి, సంస్కర్తలు వచ్చి పేదరికాన్ని మళ్ళీ నెలకొల్పారన్నది రెండోది. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల సంస్కరణల గురించి చదివిన కొద్దీ ఈ రెండో వాక్యం నాకు మింగుడు పడటం లేదు. ఒక మఠవాసి పెట్టెలో నాలుగు నాణేలు దొరికితే ఘోరపాపం అంటారు. అదే మఠానికి అధిపతిగా వచ్చినవాడు ఎప్పుడో చేజారిన గ్రామాలను వ్యాజ్యం వేసి రాబట్టుకుంటే ఆయనను గొప్ప సంస్కర్త అని పొగుడుతారు. ఇంగ్లండులో 1530ల చివర మఠాలను మూసివేసే నాటికి వాటి కింద ఉన్న భూమి చూస్తే, పేదరికపు వ్రతం అన్న మాటనే పిల్లల ముందు పలకడానికి ఇబ్బందిగా ఉంది.

నాకు తెలియవలసినవి మూడు. ఇది ఉత్త కపటమా, లేక మనం వాడుతున్న "పేదరికం" అన్న మాటే మనల్ని పక్కదారి పట్టిస్తున్నదా? అసీసీ ఫ్రాన్సిస్ అనుచరులైన ఫ్రాన్సిస్కన్లకూ పోపుకూ జరిగిన తగవు ఇందులో ఎక్కడ కుదురుతుంది? చివరిది, ఈ సంస్కరణల వల్ల మఠం భూములు దున్నిన రైతుకు ఏమైనా ఒరిగిందా? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు.

జవాబు
(దేవరకొండ, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

అధ్యాపకులు గారికి నమస్కారం. నేను చరిత్ర చదివినవాణ్ని కాను, దేవరకొండ ప్రాంతంలో గిర్దావరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. అయినా మీ రెండో ప్రశ్న జోలికి పోవడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను, ఎందుకంటే ఫ్రాన్సిస్కన్ల తగవు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు పాత పహాణీ తిరగేస్తున్నట్టే అనిపించింది.

పాత పహాణీలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, పట్టాదారు కాలం (గడి) వేరు, అనుభవదారు కాలం వేరు అన్నది ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. దేవుడి మాన్యం ఉన్న ఊళ్ళో పట్టాదారు కాలంలో స్వామివారి పేరు ఉంటుంది. అనుభవం కింద పూజారి పేరో, కౌలుకు చేసేవాడి పేరో ఉంటుంది. దున్నుకుని తినేది ఒకరు, భూమి మరొకరిది. ఫ్రాన్సిస్కన్ సోదరులు దాదాపు నూరేళ్ళ పాటు ఈ రెండు కాలాల నడుమ నిలబడి బతికారు.

ఫ్రాన్సిస్ నియమావళిని మూడవ హొనోరియస్ పోపు 1223లో ఖాయపరిచాడు. సోదరులు ఇంటిని గానీ, స్థలాన్ని గానీ, మరే వస్తువును గానీ తమది చేసుకోరాదని, నాణేలను స్వయంగా గానీ ఇంకొకరి చేతుల మీదుగా గానీ పుచ్చుకోరాదని అందులో ఉంది. బెనెడిక్ట్ నియమావళిని అనుసరించే బెనెడిక్టైన్ల వంటి పాత సంఘాలకూ వీరికీ తేడా ఇక్కడే వచ్చింది. పాతవారిలో మనిషికి సొంతం కూడదు, మఠానికి ఎంతైనా ఉండవచ్చు. వీరు మనిషికీ కూడదు, సంఘానికీ కూడదు అన్నారు. ఫ్రాన్సిస్ చుట్టూ పట్టుమని పదిమంది తిరిగిన రోజుల్లో ఆ మాట నిలబడింది. సంఘం వేలమందికి పెరిగి, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవారు, నగరాల్లో పెద్ద చర్చీలు కట్టేవారు తయారయ్యాక ఆ పుస్తకాలు ఎవరివి, ఆ గోడలు ఎవరివి అన్న ప్రశ్న లేచింది. దాత ఇచ్చేశాడు కనుక దాతవి కావు. పుచ్చుకున్నవారు మావి కావంటున్నారు. మా భాషలో చెప్పాలంటే పట్టాదారు కాలం ఖాళీగా ఉంది, ఖాళీ కాలాన్ని ఏ ప్రభుత్వమూ ఎక్కువకాలం ఊరుకోదు.

తొమ్మిదవ గ్రెగరీ 1230లో, సోదరులకు వాడుక ఉంది గానీ యాజమాన్యం లేదని తేల్చాడు. తన మాటలకు వ్యాఖ్యానాలు రాయవద్దని ఫ్రాన్సిస్ చివరి రోజుల్లో రాయించిన మరణశాసనం వారిని కట్టడి చేయదని కూడా అదే ఉత్తర్వులో చెప్పాడు. నాలుగవ ఇన్నోసెంట్ 1245లో, దాత తన దగ్గర అట్టిపెట్టుకున్నవి తప్ప మిగతా సొత్తుకంతటికీ యజమాని రోమ్ చర్చేనని ప్రకటించాడు. మూడవ నికొలస్ 1279లో దీన్ని ఇంకా గట్టిగా ఖాయం చేశాడు. ఆ విధంగా పట్టాదారు కాలంలోకి పోపు వచ్చాడు, అనుభవం సోదరులది అయింది. సందర్భం వచ్చింది కనుక ఒక మాట: ఆ 1279లోనే ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్, భూమి మఠాల చేతికి పోకుండా ఆపే చట్టం చేశాడు. దాన్ని "చచ్చిన చేతి" చట్టం అంటారు. మనిషైతే చస్తాడు, వారసుడు వస్తాడు, వారసుడు ప్రభువుకు కట్టవలసింది కడతాడు. మఠానికి చావు లేదు, వారసత్వం లేదు, కనుక ఫౌతీ విరాసత్ (చనిపోయినవారి నుంచి వారసుడికి మార్పు) మీద రావలసిన సొమ్ము ఎప్పటికీ రాదు. రాజుగారి బాధ నాకు బాగా అర్థమైంది.

సోదరుల లోపలే ఒక వర్గానికి ఈ ఏర్పాటు గిట్టలేదు. పట్టా మాది కాదంటూనే గాదెలు, ద్రాక్షసారా కొట్లు నింపుకుంటే ఆ వ్రతానికి అర్థమేమిటని వారి వాదం. అనుభవం కూడా బీదగానే ఉండాలి, అదీ వ్రతంలో భాగమే అన్నారు. 1298లో చనిపోయిన ఒలివీ అన్న పండితుడు ఈ వాదానికి మూలపురుషుడు. వీరు పొట్టి చొక్కాలు, అతుకుల బట్టలు కట్టుకునేవారు. ఇరవై రెండవ జాన్ పోపు 1317లో, బట్టల తీరు, గాదెల సంగతి పైఅధికారులే నిర్ణయిస్తారని, లోబడి ఉండమని ఆజ్ఞ ఇచ్చాడు. లోబడని నలుగురిని 1318లో మార్సేలో సజీవంగా తగలబెట్టారు. గాదె ఉండవచ్చునా కూడదా అన్న మాట మీద మనుషుల ప్రాణాలు పోయాయని మీ పిల్లలకు తప్పక చెప్పండి.

అసలు మలుపు 1322లో వచ్చింది. జాన్ పోపు న్యాయశాస్త్రం చదివినవాడు. గుడ్డునూ చీజ్ ముక్కనూ వాడటమంటే తినడమే, తింటే వస్తువే మిగలదు, మిగలని వస్తువు మీద అనుభవం ఒకరిది, యాజమాన్యం ఇంకొకరిది అనడం మాటల గారడీ అని ఆయన వాదన. సోదరులు తినే ప్రతి గుడ్డుకూ రోమ్ యజమానిగా ఉండాలని ఏ పోపు కోరుకుని ఉంటాడని అడిగి, ఇకమీదట వారికి వచ్చే వస్తువుల మీద తమకు ఆ హక్కు అక్కరలేదని వదులుకున్నాడు. పట్టాదారే కచేరీకి వచ్చి నా పేరు కొట్టేయండి అన్నట్టు! మన దగ్గర 2020లో ధరణి (భూమి రికార్డుల పోర్టల్) వచ్చినప్పుడు జరిగింది దీనికి తలకిందులు. ఇక్కడ అనుభవదారు కాలం మాయమైంది, అక్కడ పట్టాదారు తప్పుకున్నాడు. మరుసటి ఏడాది, క్రీస్తుకూ ఆయన శిష్యులకూ విడిగా గానీ ఉమ్మడిగా గానీ ఏమీ లేదనడం మతద్రోహమని కూడా ప్రకటించాడు. సంఘం పెద్ద మైకేల్ చెసేనా, తత్త్వవేత్త విలియం ఒకామ్ 1328 మే నెలలో రాత్రికి రాత్రే, అప్పటి పోపుల నివాసమైన అవిన్యోన్ విడిచి పారిపోయారు.

తగవంతా సోదరుల కంచంలో ఎంత ఉందన్న దాని మీద మొదలై, ఆ కంచం ఎవరి పేరున రాయాలన్న దాని మీదకు మళ్ళింది. పాత మఠాల లోపలి సంగతి నాకు అంతగా తెలియదు, తెలిసినవారు రాస్తారని ఎదురుచూస్తాను.

జవాబు
(మహబూబ్‌నగర్, పాఠకురాలు)

గిర్దావరు గారి పోలిక చాలా బాగుంది. నేను అధ్యాపకులు గారి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. నా ఉద్దేశంలో చిక్కంతా "పేదరికం" అన్న తెలుగు మాటలోనే ఉంది. ఫ్రాన్సిస్ నియమావళిలో ఉన్న లాటిన్ మాటకు "సొంతం లేకుండా" అని అర్థం. బెనెడిక్ట్ నియమావళిలో వ్రతం పట్టేవాడు చేసే ప్రమాణంలో అసలు పేదరికం అన్న మాటే లేదు. ఆ మఠాన్ని విడిచిపోననీ, మఠజీవనానికి తగ్గట్టు నడుచుకుంటాననీ, విధేయుడనై ఉంటాననీ మాత్రమే ఉంది. సొంతం కూడదన్నది ముప్పై మూడో అధ్యాయంలో వేరేగా వస్తుంది: పుస్తకం గానీ, రాసుకునే పలక గానీ, గంటం గానీ, ఏదీ ఎవరూ తనదనరాదు. యాభై అయిదో అధ్యాయంలో, మఠాధిపతి పడకలు తరచుగా వెతికించాలనీ, దాచుకోవలసిన అవసరం రాకుండా బట్టలు, చెప్పులు, నడికట్టు, కత్తి, సూది, చేతిగుడ్డ, పలక అన్నీ ఆయనే ఇవ్వాలనీ ఉంటుంది. అంటే అందరూ ఆకలితో ఉండాలన్నది అక్కడి ఉద్దేశం కాదు. ఏది కావాలన్నా అడిగి తీసుకోవాలి, అంతే.

ఇది నేను చిన్నప్పుడే చూశాను. మేము చదువుకున్న కాన్వెంటు హాస్టలులో మా వార్డెను సిస్టరు కోసం మా నాయన ఒకసారి బాలానగర్ నుంచి బుట్టెడు సీతాఫలాలు తెచ్చాడు. ఆమె సంతోషంగా అందుకుని, ఆ బుట్టను అట్లనే తీసుకుపోయి వంటింటి అరుగు మీద పెట్టి, పెద్ద సిస్టరుకు చెప్పి వచ్చింది. సాయంత్రం అందరితో పాటు ఆమెకూ ఒక పండు వచ్చింది. అది చాలా చిన్న పండు, ఒక పక్క నల్లబడింది కూడా. మా నాయన మనసు చివుక్కుమంది, ఆమె మాత్రం గింజలు తీసుకుంటూ మామూలుగా తిన్నది. ఆ కాన్వెంటుకు రెండంతస్తుల కట్టడం, పెద్ద తోట, బోరుబావి అన్నీ ఉండేవి. ఆ సిస్టరు పేదదా, కాదా అంటే నేనేం చెప్పగలను? ఆమెకు సొంతం లేదు, అంతవరకే నిజం.

సొంతం మీద ఎంత భయం ఉండేదో తెలియాలంటే పోపు గ్రెగరీ ది గ్రేట్ ఆరో శతాబ్దం చివర చెప్పిన జుస్తుస్ కథ చూడాలి. రోమ్‌లోని ఆయన మఠంలో జుస్తుస్ అనే మఠవాసి వైద్యం చేసేవాడు. చావు దగ్గరపడినప్పుడు అతని మందుల మధ్య మూడు బంగారు నాణేలు దొరికాయి. గ్రెగరీ, చనిపోయేవాడి దగ్గరికి సోదరులెవరూ పోవద్దని చెప్పి, చనిపోయాక శవాన్ని పెంటదిబ్బలో పూడ్చి ఆ మూడు నాణేలూ మీద విసరమన్నాడు. తరువాత జాలిపడి ముప్పై రోజులు అతని ఆత్మ కోసం పూజ చేయించాడనుకోండి. ఆ కథలో నాకు గుర్తుండిపోయేది పెంటదిబ్బ కాదు. అది చూసిన మిగతావారు హడలిపోయి, నియమం ప్రకారం తమ దగ్గర ఉండదగిన చిన్నా చితకా వస్తువులను కూడా తెచ్చి ముందు పోశారట. 1179లో జరిగిన మూడవ లాటెరన్ సభ (రోమ్‌లో చర్చి పెద్దల సమావేశం) ఇదే శిక్షను శాసనం చేసింది. సొంత సొమ్ముతో చనిపోయినవాడికి సోదరుల మధ్య సమాధి ఉండదు.

ఇంత కట్టుదిట్టంలో సొంతం ఎట్లా చొరబడింది? దొంగతనంగా రాలేదు, లెక్కల పుస్తకం గుండా వచ్చింది. పెద్ద మఠాల్లో వంటసరుకులకు ఒక అధికారి, బట్టలకు ఒకరు, రోగులకు ఒకరు, దానధర్మాలకు ఒకరు ఉండేవారు, ఒక్కొక్కరికీ విడిగా కొన్ని భూముల రాబడి కేటాయించేవారు. ఒక్కో శాఖ ఒక్కో చిన్న ఎస్టేటు అయిపోయింది. ఆ తరువాత బట్టలకు బదులు బట్టల ఖర్చు, మసాలాలకు బదులు వాటి డబ్బు చేతికివ్వడం మొదలైంది. జీతం అన్న మాట ఎవరూ అనలేదు గానీ అది జీతమే. మఠకన్యల విషయంలో దారి ఇంకోటి. పెద్దింటి పిల్ల మఠంలో చేరితే పుట్టింటివారు ఆమె బతికినంతకాలం ఏటేటా కొంత రాబడి వచ్చేట్టు రాసేవారు. అది మఠానికి పోకుండా ఆమె చేతికే వచ్చేది. చేరికకు కట్నం పుచ్చుకోవడం అంతకు ముందే ఉంది, పేదరికం సాకు చెప్పి చాలామంది మఠకన్యలు ఈ పని చేస్తున్నారని 1215 నాటి నాలుగవ లాటెరన్ సభ కోప్పడింది. పేదరికమే సాకు కావడం గమనించండి!

పదిహేనో శతాబ్దపు సంస్కర్తలు వెళ్ళి పట్టుకున్నది వీటినే. వారు ఏ మఠం పొలాలనూ పేదలకు పంచలేదు. డచ్చి ప్రాంతంలో 1387లో మొదలైన విండెస్‌హైమ్ మఠానికి చెందిన యోహానెస్ బుష్ జర్మనీలో మఠం తరువాత మఠం తిరిగి సంస్కరణ చేసి, ఆ అనుభవాలు తానే రాసి పెట్టాడు. వెన్నిగ్‌సెన్ మఠానికి ఆయన బ్రున్స్‌విక్ డ్యూకును వెంటబెట్టుకుని వెళితే, మఠకన్యలు చర్చిలో నేల మీద సిలువ ఆకారంలో చేతులు చాపి పడుకుని, "బతుకు నడుమనే మరణంలో ఉన్నాము" అన్న కీర్తన ఎత్తుకున్నారు. డెర్నెబుర్గ్‌లో ఒక్కో మఠకన్యకు ఒక్కో సొంత నేలకొట్టు ఉండేది. ఆయన వరుసగా అన్నీ చూస్తూ పోతుంటే చివరి ఆవిడ, నాదీ మిగతావారి కొట్టు లాంటిదే, మీరే ముందు దిగండి అని, ఆయన దిగగానే తలుపు వేసేసింది. ఆయన కొంతసేపు ఆ చీకట్లోనే ఉన్నాడు. బుష్ చెప్పేది ఆయన వైపు కథే. నాకు మాత్రం ఆ కొట్టు తలుపు మూసిన మనిషి వైపు కథ వినాలని ఉంటుంది. తల్లి ఇచ్చిన దుప్పటి, చిన్నాన్న పంపిన సారా పీపా, అవి పోతే ఆమెకు బయటి లోకంతో ఉన్న ఆఖరి పోగు తెగిపోతుంది.

న్యూరెంబెర్గ్‌లో సెయింట్ కేథరిన్ డొమినికన్ మఠకన్యలు 1396లో సంస్కరణను తిప్పికొట్టారు. 1428లో మాత్రం అప్పటికే సంస్కరణ జరిగిన షోనెన్‌స్టైన్‌బాఖ్ మఠం నుంచి వచ్చిన పదిమంది మఠకన్యలతో అది నెగ్గింది. ఎవరి పుస్తకాలు వారి గదుల్లో ఉండటం పోయి అన్నీ ఉమ్మడి గ్రంథాలయంలోకి చేరాయి, ఆ శతాబ్దంలో అది జర్మన్ భాషలో పేరుమోసిన పుస్తక భాండాగారాల్లో ఒకటి అయింది. చదువుకునేవారికి ఈ సంస్కరణ వల్ల లాభమే కలిగిందని నా అభిప్రాయం.

కనుక అధ్యాపకులు గారూ, అది కపటం కాదు. వారు అడిగిన ప్రశ్న "ఎంత ఉంది?" అన్నది కాదు, "తాళంచెవి ఎవరి నడుముకు ఉంది?" అన్నది.

జవాబు
(గద్వాల)

మహబూబ్‌నగర్ మేడం గారి తాళంచెవి మాటకు కార్తూసియన్లు లొంగరు. 1084లో మొదలైన ఆ సంఘంలో ఒక్కో మఠవాసికి ఒక్కో చిన్న ఇల్లు, వెనక చిన్న తోట, పనిముట్లు, వండుకునే గిన్నెలు విడిగా ఉండేవి. అయినా సొంతం పెరిగిందని వారి మీద పెద్దగా అపవాదు రాలేదు. వారు హద్దు పెట్టింది మఠానికే. పన్నెండో శతాబ్దంలో గీగో రాసిన ఆచారావళి ప్రకారం మఠవాసులు పదమూడుగురు, సేవక సోదరులు పదహారుగురు మించకూడదు, నిర్ణయించిన సరిహద్దు దాటి భూమి సంపాదించకూడదు. మనిషి పెట్టె వెతికించడం కంటే మఠం సరిహద్దు రాయి గట్టిగా పాతడమే మేలైన పద్ధతి అని నాకనిపిస్తుంది.

జవాబు
(మహబూబ్‌నగర్, పాఠకురాలు)

ఒప్పుకుంటున్నాను. నేను బెనెడిక్టైన్ల నుంచీ మఠకన్యల నుంచీ తీసిన సూత్రాన్ని అందరికీ అంటగట్టాను. అయితే కార్తూసియన్ల దారిలో నడిచిన మఠాలు తక్కువ. వేల ఎకరాలు అప్పటికే చేతిలో ఉన్న మఠం సరిహద్దు రాయిని వెనక్కి జరుపుకున్న సందర్భం నాకు కనబడలేదు.

జవాబు
(సూర్యాపేట)

అందరూ మఠం లోపలే తిరుగుతున్నారు, నాకు బయటివాడి సంగతి రాయాలని ఉంది. పద్నాలుగో శతాబ్దం నుంచి మఠాలను ఎక్కువగా దోచినవాడు మందుల సంచీలో నాణేలు దాచుకున్న మఠవాసి కాడు, మఠం ముఖమే చూడని మఠాధిపతి. మఠానికి అధిపతి లేనప్పుడు తాత్కాలికంగా ఎవరికైనా "అప్పగించి" చూసుకోమనడం పాత ఏర్పాటు. ఆ అప్పగింత రానురాను శాశ్వతమైంది. కార్డినళ్ళు, బిషప్పులు, రాజుల బంధువులు ఒక్కొక్కరు నాలుగైదు మఠాలను తమ పేరున తెచ్చుకుని, రాబడి తాము తీసుకుని, లోపలివారికి తిండికి ఇంత అని విదిలించేవారు. బెనెడిక్ట్ స్వయంగా స్థాపించిన మోంతె కస్సీనో 1486లో ఫ్లోరెన్సు మెదిచీ వంశంలోని జొవాన్నికి దక్కింది. అప్పటికి ఆ పిల్లవాడికి పన్నెండేళ్ళు నిండలేదు. అతడే తరువాత పదవ లియో పోపు అయి, 1517లో ఫ్రాన్సిస్కన్ సంఘాన్ని కట్టుదిట్టంగా నియమం పాటించేవారు, పాటించనివారు అని రెండుగా విడదీశాడు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు లుదొవీకో బార్బో. 1409లో పాదువాలోని సాంతా జుస్తీనా మఠానికి ఆయన అధిపతిగా వచ్చేసరికి లోపల మిగిలినవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవారు. ఆయన చుట్టూ పెరిగిన మఠాల సమాఖ్యను పోపు 1419లో గుర్తించాడు. వారి ఉపాయం ఏమిటంటే, మఠాధిపతి పదవిని జీవితకాలం నుంచి ఏడాదికి కుదించి, ఏటా జరిగే సర్వసభ చేతిలో పెట్టడం. మఠవాసి కూడా ఒక మఠానికి కాక సమాఖ్యకు ప్రమాణం చేస్తాడు. శాశ్వతమైన కుర్చీ లేనప్పుడు దాన్ని రాయించుకుని లాభమేమిటి? 1504లో జొవాన్ని తన పట్టు వదిలాక మోంతె కస్సీనో కూడా అందులో చేరింది. ఇందులో పేదరికం అన్న మాట ఎక్కడా లేదు, ఆస్తిని కాపాడుకునే యుక్తి ఉంది, అయినా దాన్ని సంస్కరణ అన్నారు, నేనూ అంటాను. ఎందుకంటే తిండి లేని మఠంలో "అడిగి తీసుకో" అన్న నియమం చెల్లదు. మఠాధిపతి ఇవ్వకపోతే మఠవాసి దాచుకోక ఏం చేస్తాడు?

రాజుల మాట కూడా ఒకటి చెప్పాలి. 1418లో మెల్క్ మఠాన్ని సంస్కరించడానికి ఇటలీలోని సుబియాకో నుంచి మఠవాసులను రప్పించినవాడు ఆస్ట్రియా డ్యూకు ఐదవ ఆల్‌బ్రెక్ట్. మేడం గారి కథలో బుష్ వెంట వచ్చింది బ్రున్స్‌విక్ డ్యూకు. వీరికి భక్తి లేదనను. కాని మఠం లెక్కలు చూసే అలవాటు డ్యూకులకు అయింది ఈ సంస్కరణల్లోనే, ఆ తరువాతి శతాబ్దంలో మఠాలను మొత్తంగా కలుపుకున్నప్పుడు ఆ లెక్కలు వారికి కొత్త కాలేదు.

ప్రశ్న అడిగినవారు
(నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. ఇకమీదట తరగతిలో "సొంతం లేకపోవడం" అనే అంటాను, పరీక్షలో పిల్లలు పేదరికం అని రాసుకోక తప్పదనుకోండి. నా మూడో ప్రశ్నను మాత్రం ఎవరూ ముట్టలేదు. మఠంలో మనిషి పెట్టె ఖాళీ అయింది, మఠం లెక్కలు సరిగా అయ్యాయి, బయటి మఠాధిపతిని ఆపారు. ఆ భూమి దున్నినవాడికి ఏమైంది?

జవాబు
(దేవరకొండ, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

సార్, ఒక మఠసంఘం ఆ లెక్క రాసుకుంది. స్వీడన్‌లో బిర్గిత్తా స్థాపించి 1370లో అనుమతి పొందిన సంఘం నియమావళిలో, ఏటా సర్వపునీతుల పండుగకు ముందు వచ్చే ఏడాది ఖర్చు అంచనా వేసుకోవాలనీ, మిగిలిన ధాన్యం, సొమ్ము నిలవ చేయకుండా పేదలకు పంచాలనీ ఉంది. దానికి తేదీ కూడా పెట్టారు. మఠం సంపదకు పైకప్పు వేసిన నియమాల్లో నాకు నచ్చింది ఇదే, కాని ఇదీ మిగిలినదాన్ని పంచడమే, శిస్తు తగ్గించడం కాదు.

తక్కిన చోట్ల దున్నేవాడికి సంస్కరణ తీపి కబురేమీ కాదు. కొత్తగా వచ్చిన మఠాధిపతి చేసే మొదటి పనుల్లో పాత దస్తావేజులు దులిపి, ఏ పొలం మీద ఎంత రావాలో తిరగరాయించడం ఒకటి. నేను జమాబందీ (ఊరి శిస్తు లెక్కల తనిఖీ) చేసినవాణ్ని కనుక చెబుతున్నాను: సోమరి అధికారి ఉన్నప్పుడు ఊరికి దొరికిన వెసులుబాటు, పనిమంతుడు రాగానే పోతుంది. తన పడకలో ఏమీ దాచుకోని మఠాధిపతి, మఠానికి రావలసిన మూటెడు రై ధాన్యాన్ని వదులుకోవడానికి తనకు హక్కు లేదనుకుంటాడు, ఎందుకంటే అది ఆయనది కాదు, సంఘానిది.

1525లో దక్షిణ జర్మనీ రైతులు తిరగబడి మఠాల మీద పడ్డారు. వారు చెరువుల్లో చేపలు పట్టుకుపోయారు, కొట్లలో సారా తాగారు, చాలాచోట్ల శిస్తు పుస్తకాలు, దస్తావేజులు బయటికి తెచ్చి చింపారు, కాల్చారు. ఇది చదివినప్పుడు నాకు మా నాయన మాట గుర్తుకు వచ్చింది. సాయుధ పోరాటం రోజుల్లో జనం గడీలోకి చొరబడితే ముందు ధాన్యం కొట్టు వైపు పోయినవారు కొందరు, కాగితాల పెట్టె ఎక్కడని అడిగినవారు కొందరు అని చెప్పేవాడు. రెండో రకంవారే దొరను బాగా ఎరిగినవారట.